పడకూడని మాట

ముప్పై ఒక్కమంది వృద్ధులున్న ఆ సంరక్షణ గృహంలో గడచిన మూడు నెలల్లో మనుషులు మూడు వేల నూట నాలుగు సార్లు కిందపడ్డారని నాణ్యతా భద్రతా మూల్యాంకన సంఘం ప్రకటించింది. తలకి నూరేసి సార్లు. మిగిలిన నాలుగు ఎవరివో సంఘం వారు దయతో తేల్చకుండా వదిలేశారు. అయిదు నక్షత్రాలకు గాను హోముకి అర నక్షత్రం వచ్చింది. ఆ అర కూడా గేటుకి కొత్తగా రంగు వేసినందుకు.

మేనేజరు గారు ఈ ప్రకటనను భోజనాల గదిలో అందరి ముందూ చదివి వినిపించారు. విన్నవాళ్ళలో చాలామంది తలలు వంచుకున్నారు. అన్నిసార్లు పడి కూడా ఒక్కసారీ గుర్తు లేకపోవడం వయసు మీద పడటం వల్లనే అనుకున్నారు. ఒక్క మిషనమ్మ మాత్రం చెయ్యెత్తింది.

"బాబూ, నా వాటా నూరూ ఏయే తేదీల్లో పడ్డానో కాస్త రాసిస్తారా? మా చెల్లెలి కూతురు అడుగుతుంది, చెప్పాలి కదా."

మిషనమ్మ నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. అందుకే ఆ పేరు. తుంటి ఎముక విరిగి, అతికించుకుని, నడక నేర్చుకోవడానికి మూడు నెలల కోసం ఇక్కడ చేరింది. ఊళ్ళో ఆమె ఉండే గది తన కుట్టు దుకాణం పైన ఉంది. గదికి పదకొండు మెట్లు. సాయం లేకుండా పదకొండు మెట్లు ఎక్కగలిగిన రోజున ఇంటికి పంపిస్తామని చేరినప్పుడే కాగితం మీద రాసిచ్చారు. అప్పటి నుంచి ఆమె లోకంలో ఉన్నవన్నీ పదకొండుతోనే లెక్కపెట్టుకుంటోంది. ఇప్పటికి తొమ్మిది మెట్లు ఎక్కింది. ఇంకా రెండు.

మూడు వేల నూట నాలుగు ఎలా వచ్చాయో వారం తర్వాత తెలిసింది. పూర్వం సంఘం అధికారులు స్వయంగా వచ్చి, గదులు చూసి, వృద్ధులతో మాట్లాడి మార్కులు వేసేవారు. అందులో చాలా ఇబ్బందులున్నాయి. గదుల్లో మందుల వాసన. వృద్ధులు ఒకసారి మాట మొదలుపెడితే ఆపరు. అందుకని సంఘం ఒక లెక్కల యంత్రాన్ని కొన్నది. హోములు పంపే దినచర్య పుస్తకాలను అది చదివి, 'పడ' అనే రెండక్షరాలు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఒక మనిషి కిందపడ్డట్టు లెక్క వేస్తుంది. దానికి తెలుగు రాదు. కానీ యంత్రం కాబట్టి తప్పు చేయదు.

నర్సు ఒకరోజు ఇలా రాసింది: "అందరూ వేళకు పడుకున్నారు. వాన పడింది. పడమటి గదిలో తాతయ్య మనవరాలి ఉత్తరం చూసి సంతోషపడ్డారు. మూడో పడకలో మామ్మ జ్వరం తగ్గి కుదుటపడ్డారు." నాలుగు వాక్యాలు. ఆరు పతనాలు. అందులో ఒకటి వానది.

మేనేజరు గారు ఇది పొరబాటని వివరిస్తూ వినయంగా ఒక లేఖ రాశారు. సంఘం వెంటనే జవాబిచ్చింది: "మీ లేఖ అందినది. అందులో పదకొండు పతనాలు గుర్తించి మీ ఖాతాలో కలిపాము."

అప్పటికి మేనేజరు గారికి విషయం బోధపడింది. మరునాడు గోడ మీద ఒక సర్క్యులరు వెలిసింది. "ఈ తేదీ నుంచి ఈ ప్రాంగణంలో సదరు రెండక్షరాలను రాయుట, పలుకుట, ఆ అర్థము స్ఫురించునట్లు సైగ చేయుట నిషేధము." సదరు రెండక్షరాలు ఏవో రాస్తే అవి రాసినట్టవుతుంది గనుక రాయలేదు. దాంతో రెండు రోజుల పాటు రెండక్షరాల మాటలేవీ ఎవరూ పలకలేదు. మంచినీళ్ళు అడిగారు గానీ మందు అడగలేదు. మూడో రోజున మేనేజరు గారే ఒక్కొక్కరి చెవిలో ఆ ముక్క ఊది, ఊదినట్టు సంతకం తీసుకున్నారు.

అమలు బాధ్యత ప్రూఫు తాతయ్యకు అప్పగించారు. ఆయన అచ్చాఫీసులో ముప్పై అయిదేళ్ళు తప్పులు దిద్దిన మనిషి. రిటైరయ్యాక దిద్దడానికేమీ లేక నీరసించిపోయారు. ఎర్ర పెన్సిలు చేతికివ్వగానే పదేళ్ళు చిన్నవారైపోయారు. పడకలన్నీ పొడుగు కుర్చీలయ్యాయి. పడమటి వరండా తూర్పు కాని వరండా అయింది. వృద్ధులు పడుకోవడం మానేసి అడ్డంగా ఉండసాగారు. భయపడేవాళ్ళు ధైర్యంగా లేనివాళ్ళయ్యారు. హాల్లో గోడకున్న పడవ బొమ్మను, ఎవరైనా చూసి పేరు పెట్టి పిలుస్తారేమోనని, దించి బీరువాలో పెట్టారు. స్నానాల గదుల దగ్గర, మెట్ల దగ్గర 'తడి నేల, జారిపడతారు' అని పసుపు బోర్డులుండేవి. ఆరు బోర్డులు, ఆరు పతనాలు. వాటిని కూడా తీసి అదే బీరువాలో పెట్టి తాళం వేశారు.

చిక్కల్లా ఆరోగ్యం బాగయినవాళ్ళతో వచ్చింది. మెరుగుపడటం, కుదుటపడటం, తేలికపడటం, గండం నుంచి బయటపడటం. మనిషి బాగయ్యాడని రికార్డుల్లో రాసే మాటలన్నింటిలోనూ ఎవడో ఆ రెండక్షరాలు దాచి పెట్టాడు. క్షీణించడం, విషమించడం, కృశించడం లాంటి మాటలు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. అందుకని ఆ నెలలో ముప్పై ఒక్కమందీ క్షీణించారు. యంత్రం చాలా సంతోషించింది. హోముకి మూడున్నర నక్షత్రాలు వచ్చాయి.

సరిగ్గా ఈ సమయంలోనే మిషనమ్మ పదకొండో మెట్టు ఎక్కింది.

వ్యాయామం చేయించే అతను ఆనందంతో చప్పట్లు కొట్టి, ఇంటికి పంపే ఫారం తెచ్చాడు. ఫారంలో ఒకటే వాక్యం అచ్చు వేసి ఉంది: 'నడక పూర్తిగా మెరుగుపడినది.' దాని కింద సంతకం చేస్తే చాలు. ఫారం ప్రూఫు తాతయ్య బల్ల మీదికి వెళ్ళింది. ఎర్ర గీతతో తిరిగొచ్చింది.

మిషనమ్మ కర్ర పొడుచుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళింది.

"ఏం అన్నయ్యా, నా మీద ఏమిటీ కక్ష?"

"కక్షేం లేదు చెల్లెమ్మా. ఆ మాట పోదు. అచ్చు మాట."

"పోనీ, నడక బాగయింది అని రాయండి."

"ఫారంలో ఖాళీ లేదమ్మా. ఉన్నదాన్ని కొట్టేస్తే సంతకం చెల్లదు. కొట్టెయ్యకపోతే నువ్వు పడ్... నువ్వు ఆ పని చేసినట్టు."

"నేను ఎక్కాను మహాప్రభో! ఎక్కినదాన్ని పట్టుకుని పడ్డావంటావా?"

తాతయ్య గబగబా తలుపు మూశారు. "మెల్లగా! గోడలకు చెవులుంటే ఫరవాలేదు, వరండాలో మేనేజరున్నాడు."

మిషనమ్మ నర్సు దగ్గరికి వెళ్ళింది. నర్సు మంచి పిల్ల. కానీ ఆ పిల్ల కూడా పుస్తకంలో "నడక క్షీణించింది" అనే రాసి ఉంచింది. "మామ్మగారూ, మీకు మంచిదనే రాశాను. ఆ మాట రాస్తే మా ఉద్యోగాలు పోతాయి" అంది కళ్ళొత్తుకుంటూ.

"క్షీణించినవాళ్ళని ఇంటికి పంపరు కదే తల్లీ!"

"పంపరు."

"బాగయినవాళ్ళనీ పంపరు."

"బాగయ్యారని చెప్పడానికి ఫారంలో ఇంకో మాటుండాలి కదా మామ్మగారూ."

ఈలోగా మేనేజరు గారికి ఇంకో ఉపాయం తోచింది. మాటని అరికట్టాక పనిని కూడా అరికడితే పూర్తి భద్రత కదా అని. నడిచేవాళ్ళే పడతారు, కూర్చున్నవాళ్ళు పడరు. కాబట్టి అందరినీ చక్రాల కుర్చీల్లో కూర్చోబెట్టి నడుముకి మెత్తని పట్టీ వేశారు. ఆ పట్టీకి 'ఆప్యాయత' అని పేరు పెట్టారు. వేళకు భోజనం, వేళకు మందు, రోజంతా ఆప్యాయత. మెట్లకి ఎర్ర రిబ్బను కట్టారు. నెల తిరిగేసరికి నడవగలిగే ఇరవై రెండు మందిలో నడక మరిచిపోనిది మిషనమ్మ ఒక్కతే మిగిలింది. కుట్టుపని తెలిసిన మనిషి గనుక ఆప్యాయతకి కుట్లెక్కడున్నాయో ఆమెకి తెలుసు. రోజూ మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ కుట్లు విప్పి, స్నానాల గది గోడ పట్టుకుని పదకొండుసార్లు మోకాళ్ళు ఎత్తి దించి, మళ్ళీ కుట్టేసుకునేది.

మూడు నెలలు పూర్తయ్యాయి. పతనాలు: సున్నా. అయిదు నక్షత్రాలు ఇవ్వాలంటే మాత్రం అధికారి స్వయంగా వచ్చి ఫోటో దిగాలని నిబంధన. ఆయన వస్తున్నారని తెలిసి హోముని అద్దంలా తుడిచారు. మెట్లకి మైనం పట్టించి, తడిగుడ్డతో రెండోసారి మెరిపించారు.

మిషనమ్మకి ఆశ చిగురించింది. పుస్తకం చూసేవాళ్ళకి చెప్పి లాభం లేదు. కళ్ళున్న మనిషి వస్తున్నాడు. ఆయన కళ్ళెదుట పదకొండు మెట్లు ఎక్కి చూపిస్తే, ఆయనే తన చేత్తో ఏదో ఒక మాట రాస్తాడు. అంత పెద్ద అధికారికి ఒక మాట దొరక్కపోతుందా!

అధికారి గారు హాల్లో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టారు. "ఈ గృహం దేశానికే ఆదర్శం. ఇక్కడ వృద్ధులు ఎంత సురక్షితంగా ఉన్నారంటే, గత మూడు నెలలుగా వారికి ఏమీ జరగలేదు. నేను మళ్ళీ చెబుతున్నాను, ఏమీ జరగలేదు." చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్య మిషనమ్మ కుట్లు విప్పి, రిబ్బను దాటి, కమ్మీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది.

"ఇటు చూడండి సారూ!" అని కేకేసింది. "ఒకటి! రెండు!"

అందరూ చూశారు. మేనేజరు గారి ముఖం సున్నం కొట్టినట్టయింది. అయిదు. ఆరు. చక్రాల కుర్చీల్లోంచి ఒకళ్ళిద్దరు ఆమెతో పాటు లెక్కపెట్టసాగారు. ప్రూఫు తాతయ్య పెన్సిలు కింద పెట్టి, "ఎక్కు చెల్లెమ్మా!" అన్నారు. ఎనిమిది. తొమ్మిదో మెట్టు ఇంకా తడిగానే ఉంది. అలా తడిగా ఉందని చెప్పే బోర్డు బీరువాలో భద్రంగా ఉంది.

పాదం జారింది. ఎనిమిది మెట్ల మీదుగా మిషనమ్మ అధికారి గారి బూట్ల దాకా వచ్చి ఆగింది.

"అయ్యో! మామ్మగారు ప..." అని అరిచిన నర్సు, మేనేజరు గారి చూపు తగిలి, "...పద్ధతిగా దిగారు!" అని ముగించింది.

అధికారి గారు కిందికి చూశారు, తర్వాత రిజిస్టరులోకి చూశారు. రెంటికీ పొంతన కుదరలేదు. అనుభవజ్ఞులు గనుక ఏది నమ్మాలో వారికి తెలుసు.

"మనం చూసింది వ్యక్తిగత అభిప్రాయం" అన్నారాయన గంభీరంగా. "రికార్డు మాత్రమే వాస్తవం. రికార్డు ప్రకారం ఇది జరగదు. అయితే ఇక్కడ ఏదో జరిగింది. ఏం జరిగింది? పైన ఉన్న మనిషి కిందికి వచ్చారు. దీన్ని భాషలో ఏమంటారు?"

"దిగడం అంటారండీ" అన్నారు మేనేజరు గారు, ఊపిరి పీల్చుకుంటూ.

"నాయనా," అంది మిషనమ్మ నేల మీద నుంచి, "మీరు భాష సంగతి తేల్చుకునేలోపు ఎవరైనా నా కాలి సంగతి చూస్తారా?"

కాలి గురించి ఫారంలో గడి లేదు. అధికారి గారు స్వహస్తాలతో ఇలా రాశారు: "సదరు వృద్ధురాలు ఎనిమిది మెట్లను ఎవరి సాయమూ లేకుండా, ఒక్క క్షణంలో దిగినారు. ఈ వయసులో ఇట్టి వేగము అసాధారణము. ఈమెకు సంరక్షణ అవసరము లేదు. తక్షణమే ఇంటికి పంపవలెను." సంతకం, ముద్ర. తర్వాత ఫోటో దిగారు. ఫోటోలో అయిదు నక్షత్రాల బోర్డు ఉంది, అధికారి గారున్నారు, మేనేజరు గారున్నారు. మిషనమ్మ కూడా ఉండేదే, కానీ ఫోటోగ్రాఫరు నడుము దాకానే తీశాడు.

ఆ సాయంత్రమే ఆమెని చెల్లెలి కూతురు వచ్చి తీసుకెళ్ళింది. దారిలో ఎముకల డాక్టరు పిండికట్టు వేస్తూ, ఎలా జరిగిందని అడిగి, అధికారి గారి కాగితం చదివి, 'వేగంగా దిగుట వలన' అని తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు.

ఇల్లు చేరింది మిషనమ్మ. సగం ఇల్లు. పదకొండు మెట్లకి కింద, దుకాణంలో, మిషను పక్కన మంచం వేశారు. ఆమె గది ఆమె నెత్తి మీదే ఉంది. కాలు ముక్కాలిపీట మీద చాపి, పైకి చూస్తూ, గుండీలు కుడుతూ కాలక్షేపం చేస్తోంది.

వారం తిరక్కుండా ఒకావిడ ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. కొలత ఇస్తూనే మాట కలిపింది.

"పెద్దమ్మా, మీరు ఆ అయిదు నక్షత్రాల హోములో ఉండొచ్చారటగా! అక్కడ సీటు దొరకాలంటే రెండేళ్ళు ఆగాలట. మా అత్తయ్య కోసం. మీ మాట సాయం ఏమైనా..."

మిషనమ్మ సూది ఆపింది. "నువ్వు లోపలికి వెళ్ళి చూశావా అమ్మా?"

"చూడ్డమెందుకండీ, నక్షత్రాలున్నాయిగా."

మిషనమ్మ మోకాలి మీదున్న గుడ్డ తీసి, తొడ నుంచి పాదం దాకా ఉన్న పిండికట్టుని చూపించింది.

ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో అయ్యో! ఇంటికొచ్చి వారమైనా కాలేదు, అప్పుడే పడ్డారా పెద్దమ్మా? అందుకే మా ఆయనతో నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నాను, పెద్దవాళ్ళకి ఇల్లంత ప్రమాదం ఇంకోటి లేదని!" అని, గొంతు తగ్గించి, "కాస్త తొందరగా చూడండి. మా అత్తయ్య ఇంకా నడుస్తూనే ఉంది" అంది.