హరికిరణ్ ఒక్కపూట బేస్‌బాల్

అరబ్బు దేశంలో సెలవురోజైన ఆ శుక్రవారం పొద్దున్న హరికిరణ్ పథకం చాలా చిన్నది. భార్య ప్రణీత పెసరట్లు పోస్తుంటే వేడివేడిగా లాగించడం. రెండోది పళ్లెంలో పడేలోగా మేనేజరు యూసుఫ్ ఫోను.

"మా బేస్‌బాల్ జట్టులో ఒకడు తగ్గాడు. నీకు ఆట వచ్చా?"

"వచ్చు సార్!"

"ఎక్కడ ఆడతావు?"

"ఎక్కడైనా సార్!"

ప్రణీత అట్లకాడ ఆపింది. "మీకెప్పుడొచ్చిందండీ?"

"బ్యాటూ బంతీ ఉంటే ఏదైనా క్రికెట్టేనే. రాదన్నాననుకో, మామీర్ గోడౌనుకి తోసేస్తాడు."

అదీ అసలు భయం. గోడౌనుకి మనిషి కావాలని అక్కడి ఇన్‌ఛార్జి రాజనర్సు ఎప్పట్నించో అడుగుతున్నాడు. ఇప్పుడు పనిచేసే ఉమ్మ్ అల్ హస్సామ్ ఆఫీసు ఇంటి పక్కనే కాబట్టి మధ్యాహ్నం ఇంట్లోనే భోజనం. దూరాన ఉన్న మామీర్ వెళితే బాక్సులో చల్లారిన అన్నమే. పాపం, హరికిరణ్ తిండి దగ్గర రాజీపడే మనిషి కాదు.

మైదానంలో ఎదుటి జట్టు ఆ గోడౌను వాళ్లదే. ఎక్కడైనా అన్నవాణ్ణి యూసుఫ్ నిజంగానే అన్నిచోట్లా నిలబెట్టాడు. చేతికిచ్చిన తోలు గ్లవ్ అడ్డుగా ఉందని హరికిరణ్ అవతల పెట్టి, వట్టి చేత్తో బంతులు ఆపాడు. కుడి అరచెయ్యి బూరెలా పొంగింది.

చివరికి ఒక్క పరుగొస్తే గెలుపు. మొదటి బేసు దగ్గర యూసుఫ్ కాచుకుని ఉన్నాడు. హరికిరణ్ కళ్లు మూసుకుని కొట్టాడు. బంతి ఎక్కడికో పోయింది. బేస్‌బాల్‌లో అయితే అప్పుడు బ్యాటు పారేసి, బేసులన్నీ చుట్టి రావాలి. అతను మాత్రం బ్యాటుతో మొదటి బేసుదాకా ఉరికి, నేలకి ఆనించి, వచ్చిన దారినే తిరిగి పరుగెత్తాడు.

"యల్లా, పదండి సార్! వెనక్కి రండి! రెండో పరుగు!"

రెండో బేసు దాటిన యూసుఫ్, ఎవరో క్యాచ్ పట్టారు కాబోలనుకుని వెనక్కి తిరిగాడు. ఆయన రావడం చూసి హరికిరణ్ మూడో పరుగుకి బయల్దేరాడు. మొదటి బేసు దగ్గర ఇద్దరూ ఢీకొని చతికిలబడ్డారు. రాజనర్సు తాపీగా నడిచొచ్చి ఇద్దరికీ బంతి తాకించి అవుట్ చేశాడు.

యూసుఫ్ దుమ్ము దులుపుకున్నాడు. "ఖలాస్, అయిపోయింది! ఆదివారం ఆఫీసు తెరిచిన దగ్గర్నుంచి నువ్వు మామీర్‌లో!"

లేవబోయిన హరికిరణ్ మళ్లీ చతికిలబడ్డాడు. రాజనర్సు మాత్రం బంతి కింద పడేశాడు.

"వద్దు సార్! మా దగ్గర ఫోర్క్‌లిఫ్టులు తిరుగుతయి. గీయన గిట్లనే ఎనుకకు రమ్మని ఒర్రితే గోడౌన్ మిగుల్తదా? మీ తాననే ఉంచుకోండ్రి!"

హరికిరణ్ ఎగురుకుంటూ ఇంటికొచ్చాడు. "సీటు దక్కిందే! పెసరట్టు వెయ్యి!"

ఆ వారమంతా మధ్యాహ్నం ఇంట్లోనే పప్పన్నం తిన్నాడు, చెంచాతో.