బకెట్టెడు నీళ్లు

ఆ ఆదివారం ప్రూఫ్‌రీడర్ పెట్టుకున్న పని ఒక్కటే: మధ్యాహ్నం దాకా మంచం దిగకపోవడం. ఆరు రోజులు ఊరందరి తప్పులూ దిద్దిన మనిషికి అదేమంత అత్యాశ కాదు. ఏడింటికే భార్య దుప్పటి లాగేసింది.

"కారు షెడ్డులో కంపు కొడుతోందండీ. ఎలుక చచ్చినట్టుంది."

"కారే లేదు కదా, షెడ్డుతో మనకేం పని?"

"కారు అమ్మేశాక పనికిరానివన్నీ మీరు తోసింది అక్కడే. లేవండి."

ఏం చేస్తాడు, లేచాడు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని అట్టపెట్టెలు, మడత మంచం, కాలు విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన ఇనప బీరువా ఒక్కొక్కటే ఈడ్చి వీధిలో పెట్టాడు. నడుము పట్టేసింది. ఎలుక మాత్రం కనిపించలేదు. వాసన నేల మధ్య నీళ్లు పోయే జాలీలోంచి వస్తోందని తేలేసరికి పదయింది. ఇక తన వల్ల కాదని ప్లంబరుకు ఫోన్ చేశాడు.

ప్లంబరు జాలీ ఎత్తి, టార్చి వేసి చూసి, గుప్పెడు మట్టి తీసి పక్కన పడేశాడు.

"ఎలుకా లేదు, గిలుకా లేదు సార్. దీని కింద గొట్టానికి వంపు ఉంటుంది. అందులో నీళ్లు నిలిచుంటే మురుగు వాసన పైకి రాదు. కారు కడిగినన్నాళ్లూ నీళ్లు పడ్డాయి, ఇప్పుడు ఎండిపోయింది. ఒక బకెట్టు పొయ్యండి. నెలకోసారి పోస్తే చాలు."

ప్లంబరు వెళ్లిపోయాడు. మూడు గంటల చాకిరీకి మందు బకెట్టెడు నీళ్లేనని తెలిసి ప్రూఫ్‌రీడర్‌కు ఏడుపొచ్చినంత పనయింది. బకెట్టు నింపి తెచ్చేసరికి షెడ్డు ముందు ఇంటి ఓనరు, ఆయన వెనక ఆయన బావమరిది నిలబడి ఉన్నారు.

"ఖాళీ చేస్తూ నాతో ఒక్క మాటైనా అనలేదేమండీ? సామానంతా వీధిలో పెట్టారని ఎదురింటాయన ఫోన్ చేస్తే తెలిసింది. పోనీలెండి, మావాడు ఎప్పట్నుంచో ఈ ఇల్లే కావాలంటున్నాడు."

"అయ్యో, ఖాళీ చెయ్యట్లేదండీ! షెడ్డు శుభ్రం చేసుకుంటున్నామంతే."

"మాటిచ్చేశానే! మా ఆవిడ పుట్టింటివాళ్లందరికీ చెప్పేసింది కూడా. ఇప్పుడు కాదంటే నన్ను ఇంట్లో బతకనిస్తుందా?"

పన్నెండేళ్లుగా ఉంటున్న ఇల్లు. మళ్లీ ఇల్లు వెతకాలి, ఈ బీరువాను మళ్లీ మొయ్యాలి అనుకున్నాడు ప్రూఫ్‌రీడర్. చేతిలో బరువైనా దించుకుందామని బకెట్టును జాలీ మీదికి వంచబోయాడు. భార్య చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"ఆగండి. ముందు అన్నయ్యగారిని షెడ్డు చూడనివ్వండి."

బావమరిది లోపలికి వెళ్లాడు. అంతే వేగంగా ముక్కు మూసుకుని బయటపడ్డాడు.

"ఇదేం కంపు బావా! ఇక్కడ మనుషులెలా ఉంటున్నారు?"

"మాకు అలవాటైపోయిందండీ" అంది ఆవిడ వినయంగా.

"వద్దు బావా. అక్కకు నేను చెప్పుకుంటాలే" అంటూ అతను వీధి మలుపు తిరిగిపోయాడు. ఓనరుకు ప్రాణం లేచొచ్చింది. "మీరే ఉండండి. మీ ఓపికకు దణ్ణం" అని ఆయనా వెళ్లాడు.

అప్పుడు ప్రూఫ్‌రీడర్ తీరిగ్గా బకెట్టు వంచాడు. గొట్టం గుటకలు వేసి ఊరుకుంది. కాసేపటికి వాసన పోయింది.

"ఇక పడుకోనా?"

"వీధిలో బీరువా ఎవరు తెస్తారు?"

ఆనాటి నుంచి ఆయన నెలనెలా మరిచిపోకుండా నీళ్లు పోస్తున్నాడు. ఓనరు బావమరిది మళ్లీ ఇల్లు వెతుకుతున్నాడని తెలిసిన నెలలో మాత్రం మరిచిపోతాడు.