పొట్లకాయకు ముడుపు

ఆ సోమవారం పొద్దున ఏకాంబరం పెట్టుకున్న పని చాలా చిన్నది. రేణిగుంట బస్సు ఎక్కేలోగా పెరట్లో పందిరికి వేలాడుతున్న పొట్లకాయకు ఒక రాయి కట్టాలి. అంతే. పొట్లకాయకు కొసన బరువు కట్టకపోతే అది తన ఇష్టం వచ్చినట్టు మెలికలు తిరుగుతుంది. బరువు కడితే బుద్ధిగా కిందికి సాగుతుంది. ఇంత చిన్న పని చేసి ఒక మనిషి వారం రోజులు వీధి చేతిలో చిక్కుకుపోయాడంటే, అది తిరుపతిలో మాత్రమే జరుగుతుంది.

రెండు చాపలు పరిస్తే నిండిపోయే పెరడు అది. అందులోనే నాలుగు వంగ మొక్కలు, ఒక మడి గోంగూర, కట్టెల పందిరి మీద ఈ పొట్లపాదు. మొక్క ఏకాంబరానిదే గాని ప్రాణం మాత్రం పక్కింటి చంద్రకాంతమ్మది. విత్తనాలు ఇచ్చింది ఆవిడే. డెబ్బై ఎనిమిదో సంవత్సరం వేసవిలో మునిసిపాలిటీ కొళాయి తిప్పితే గాలి తప్ప ఇంకేమీ రాని రోజుల్లో, బియ్యం కడిగిన నీళ్లూ గిన్నెలు తొలిచిన నీళ్లూ చెంబుతో గోడ మీదుగా అందించింది కూడా ఆవిడే. "పొయ్యి నాయనా, పాపం నోరు లేని జీవం" అనేది. తీరా వానలు పడి, పాదు పూత పట్టి, పిందె దిగేసరికి ఆ తల్లి టైఫాయిడుతో మంచం పట్టింది.

బార్లీ నీళ్లతోనూ గంజితోనూ రోజులు గడిచాక, శుక్రవారం పథ్యం పెట్టవచ్చునని డాక్టరు చెప్పాడు. మెత్తటి అన్నం, పొట్లకాయ కూర. ఆ మాట వినగానే ఏకాంబరానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెద్దమ్మ మొదటి ముద్ద మన పొట్లకాయతోనే తినాల" అన్నాడు భార్య శకుంతలమ్మతో.

"మార్కెట్లో దొరకవా ఏంది?"

"మార్కెట్లో కాయకు ఆయమ్మ నీళ్లు పోసిందా? మన పందిరికి ఉండేది ఇదొక్కటే. ఇది ఆయమ్మదే."

ఆ మాట మీద రాయి వెతికాడు, దొరికింది. పురికొస వెతికాడు, దొరకలేదు. బస్సుకు వేళవుతోంది. అరవవాళ్ల పెళ్లిలో తాంబూలం పెట్టి ఇచ్చిన పసుపు గుడ్డ సంచి ఒకటి గూట్లో కనిపించింది. చర్రున చింపి, రాయిని అందులో మూటగట్టి, మూడు ముళ్లు వేసి పొట్లకాయ కొసకు కట్టాడు. కట్టి, తృప్తిగా ఒకసారి చూసుకుని బస్సుకు పరిగెత్తాడు.

పాలు పోయడానికి వచ్చిన కుప్పమ్మ పెరటి గుమ్మంలోంచి పందిరి వైపు చూసింది. పసుపు గుడ్డ. అందులో మూట. మూటకు ముళ్లు. ఏడుకొండలవాడి పాదాల దగ్గర పుట్టి పెరిగిన మనిషికి ఇంకేం చెప్పాలి? చెంబు కింద పెట్టి రెండు చెంపలూ వేసుకుంది.

సాయంత్రం ఏకాంబరం తిరిగి వచ్చేసరికి పొట్లకాయకు పసుపు రాసి ఉంది, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి, తొడిమ దగ్గర కనకాంబరాల దండ ఉంది. పందిరి కింద, అదే వీధిలో ఉంటూ తిరుచానూరులో పూలమ్మే మునిరత్నం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏందప్పా ఏకాంబరం, తొలి కాపు అమ్మవారికి మొక్కుకున్నావంట, ముడుపు గట్టినావంట. మాకు ఒక్క మాట చెప్పలేదే!"

"ముడుపా? యాడ ముడుపు? అది రాయి అబ్బా! కాయ సాగేదానికి కట్టినాను."

మునిరత్నం కుప్పమ్మ వైపు చూశాడు. కుప్పమ్మ మునిరత్నం వైపు చూసింది. ఇద్దరూ మెచ్చుకోలుగా తలలాడించారు.

"సూస్తివా మేయ్, ఎంత నిష్ఠో! మొక్కు బయటికి చెప్తే ఫలం పోతాదని రాయంటా ఉండాడు" అన్నాడు మునిరత్నం.

"నిజంగా రాయేనప్పా! విప్పి చూపిస్తాను" అని చెయ్యి చాపాడు ఏకాంబరం.

"అయ్యయ్యో! ముడుపు నడిమధ్యలో విప్పగూడదు, కళ్లు పోతాయి!" అని కుప్పమ్మ అతని చెయ్యి పట్టుకుని లాగింది.

ఇంట్లోకి వెళితే శకుంతలమ్మ తల స్నానం చేసి, పొయ్యి వెలిగించకుండా కూర్చుని ఉంది. మొగుడు తనకు తెలియకుండా మొక్కుకున్నాడంటే అది సంతానం కోసమే అయి ఉంటుందని ఆవిడ నిశ్చయానికి వచ్చేసింది. "నేను గూడా శుక్రవారం దాకా ఒంటిపూటే తింటాను. మీరేమీ చెప్పద్దండి. చెప్పగూడదు" అంది గద్గదంగా. పొద్దున మార్కెట్టు సంగతి మాట్లాడిన మనిషేనా ఈవిడ అని ఏకాంబరం నోరు తెరుచుకుని చూశాడు. ఆ పూట అతనికీ అన్నం లేదు.

మంగళవారానికి వీధి మేలుకుంది. కోరిక లేని ఇల్లు ఏ వీధిలో ఉంటుంది గనక? ఒకరికి గేదె ఈనాలి, ఒకరికి కొడుకు పదో తరగతి గట్టెక్కాలి, ఒకరికి అద్దెకున్నవాళ్లు ఖాళీ చెయ్యాలి. ఎవరికి వారు పసుపు గుడ్డలో మూట గట్టుకుని వచ్చి, మహిమ గల పందిరని ఏకాంబరం పందిరికే కట్టిపోయారు. ఖాళీ చెయ్యవలసిన అద్దెవాళ్లు కూడా, ఇల్లు మారకుండా ఉండాలని ఒక మూట కట్టారు. కట్టెలు కిర్రుమన్నాయి.

బుధవారం వార్త ఏకాంబరం పనిచేసే రేణిగుంట గోదాము దాకా పాకింది. నెల రోజులుగా ఒక్క పూట సెలవు ఇవ్వని మేనేజరు గంగాధరం, ఏకాంబరాన్ని గదిలోకి పిలిచి కుర్చీ వేయించాడు. "నన్ను గూడూరుకు బదిలీ చేస్తారంట ఏకాంబరం. ఈ మూట కూడా కాస్త నీ పందిరికి... శుక్రవారం నువ్వు రానక్కర్లేదులే" అన్నాడు. రాయి సంగతి చెప్పుదామని ఏకాంబరం నోరు తెరిచాడు. అంత మర్యాదగా మాట్లాడే గంగాధరాన్ని అతను ఎప్పుడూ చూసి ఉండలేదు. నోరు మూసుకుని మూట తీసుకున్నాడు.

ఈ గొడవతో సంబంధం లేకుండా పొట్లకాయ మాత్రం మూరెడు దాటి సాగిపోతోంది. లేతగా ఉన్నప్పుడే కోయాలి. ముదిరితే పీచు పడుతుంది, పథ్యానికి పనికిరాదు. గురువారం తెల్లవారుతూనే ఏకాంబరం కత్తిపీట చంకన పెట్టుకుని పిల్లిలా పెరట్లోకి వెళ్లాడు. పందిరి కింద కర్పూరం వెలుగుతోంది. కుప్పమ్మ కళ్లు మూసుకుని దణ్ణం పెడుతోంది. కళ్లు తెరిచి కత్తిపీట చూసి గావుకేక పెట్టింది. మునిరత్నం పంచె సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"కోద్దామని వచ్చినాను. పెద్దమ్మకు పథ్యానికి ఈ కాయ ఇస్తానని అనుకున్నాను. ఆయమ్మ నీళ్లు పోయకుంటే ఈ పాదు యాడ ఉండేది?" అన్నాడు ఏకాంబరం. ఏడుపొక్కటే తక్కువ.

"అమ్మవారి సొమ్ము పథ్యానికి ఇస్తావా? ఆ తల్లికే తగులుతాది పాపం! జొరం తిరగబెడితే?" అన్నాడు మునిరత్నం.

ఆ మాటతో ఏకాంబరం చేతిలో కత్తిపీట జారిపోయింది. అది రాయేనని అతనికి తెలుసు. అయినా ఆవిడ ప్రాణం మీద పందెం కాయడానికి ధైర్యం చాలలేదు. కొండకు తీసుకుపోవాలని కుప్పమ్మ, తిరుచానూరుకే పోవాలని మునిరత్నం కాసేపు వాదులాడుకున్నారు. శుక్రవారం అమ్మవారిది గనక, మునిరత్నం అంగడి కూడా అక్కడే గనక, తిరుచానూరే ఖాయమైంది.

శుక్రవారం పొద్దున డప్పు వచ్చింది. వీధి వీధంతా పెరట్లో నిండింది. ఆఖరి నిమిషంలో ఇంకో నలుగురు ఇంకో నాలుగు మూటలు కట్టారు. మునిరత్నం "గోవిందా" అన్నాడు. పందిరి పెటపెటమంది. ఆ మరుక్షణం కట్టెలు, తీగలు, మూటలు, కనకాంబరాలు, గంగాధరం బదిలీ అన్నీ కలిసి గోంగూర మడిలో పడ్డాయి. పొట్లకాయ రెండు ముక్కలైంది. పసుపు గుడ్డ చినిగి రాయి దొర్లుకుంటూ వచ్చి మునిరత్నం కాలి దగ్గర ఆగింది.

డప్పు ఆగిపోయింది.

"రాయి!" అన్నాడు మునిరత్నం.

"నేను మొదటి నుంచీ అనుకుంటానే ఉండాను" అంది కుప్పమ్మ.

మిగతా మూటలన్నీ ఒకే పసుపు, ఒకే బురద. ఎవరిది ఏదో తెలియలేదు. కొట్లాట మొదలయ్యేలోగా మునిరత్నమే అన్నింటినీ గంపకెత్తాడు. ఎవరి కోరిక ఎవరిదో అమ్మవారికి తెలియదా అన్నాడు. జనం కదిలిపోయారు. శకుంతలమ్మ విరిగిన కాయ వైపు, రాయి వైపు, మొగుడి వైపు వరసగా చూసి, లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.

ఏకాంబరం విరిగిన ముక్కలు ఏరి చూశాడు. లోపల విత్తనాలు గట్టిపడ్డాయి. వాటిని అలాగే పట్టుకుని పక్కింటికి వెళ్లాడు. మంచం మీద చంద్రకాంతమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. చాన్నాళ్ల తర్వాత జడ వేసుకుంది.

"పెద్దమ్మా, నీకు మొదటి ముద్దకు మన కాయ పెట్టాలనుకున్నాను. నా చేతకానితనం, చెయ్యలేకపోయినాను. నువ్వు పోసిన నీళ్ల రుణం..." అంటూ ముక్కలు చూపించాడు.

చంద్రకాంతమ్మ నవ్వింది. "ఏంది నాయనా నువ్వు మాట్లాడేది? డాక్టరు బుధవారమే వచ్చి సూసి, పథ్యం పెట్టేయమన్నాడు. మా అక్క జ్ఞానాంబ పోయి మా స్నానాల గది రేకుల మీదికి సూస్తే, నీ తీగ గోడ దాటి వచ్చి ఆడ మూడు కాయలు కాసి ఉండాది. రాయీ గీయీ కట్టేవాళ్లు లేక జంతికల మాదిరి సుట్టుకోనుండాయి. రుచికేమి, అమృతం! మూడు దినాలుగా అదే తింటా ఉండాను. పోసింది గుక్కెడు నీళ్లు. దానికి నీ పాదు గోడ దూకి వచ్చి నా కడుపు నింపింది. రుణం ఉండేది నాకు నాయనా, నీకు గాదు."

ఏకాంబరం ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి పెట్టి, లేచి తిరగగానే రుణం తీర్చుకుంటానని గట్టిగా చెప్పింది. అన్నమాట తప్పలేదు. లేచింది మొదలు, రేకుల మీద తీగ కాసినన్నాళ్లూ, ప్రతి మధ్యాహ్నం గిన్నెడు పొట్లకాయ కూర గోడ మీదుగా అందించింది. ఏకాంబరం ప్రతి రోజూ గిన్నె కళ్లకద్దుకుని, ముక్క మిగల్చకుండా తిని, "బ్రహ్మాండంగా ఉండాది పెద్దమ్మా" అని గోడ అవతలికి వినపడేలా చెప్పాడు.

పొట్లకాయ వాసన మొగుడికి చిన్నప్పటి నుంచీ పడదన్న సంగతి శకుంతలమ్మ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.