ముళ్లమొక్కకు ముళ్లకంచె

ఆషాఢంలో ఓ ఆదివారం పొద్దున్నే పెరడు బాగుచేయించి, మధ్యాహ్నం హాయిగా కునుకు తీయాలన్నది రామ్మూర్తి మాస్టారి ఏర్పాటు. మామిడికుదురు పిల్లలకు ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి, తొంభై ఎనిమిదిలో రిటైరైన మనిషి. మొక్కల్ని చార్టు మీద తప్ప చూసిన పాపాన పోలేదని ఆయనే ఒప్పుకున్నారు, కాకపోతే ఇదంతా అయ్యాక.

నూతి వెనక మోకాలెత్తు ముళ్లమొక్కను చూసి, కూలికొచ్చిన యాకోబు, "పీకేయమంటారా అండీ?" అన్నాడు.

"ఆగు!" మాస్టారు లావుపాటి పుస్తకం తెచ్చి, గంటసేపు బొమ్మలు తిరగేసి, అది అరుదైన దేశవాళీ పూలపొదని తేల్చేశారు. పువ్వు లేదన్న చిన్న లోటును పట్టించుకోలేదు.

"నిమ్మమొక్కలా ఉందండీ. పచ్చడి పెట్టినప్పుడు గింజలు అక్కడే పారబోసేను," అంది భార్య నాగమణి.

మాస్టారు ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "నిమ్మయితే వాసనేదే?" నలభై ఏళ్లుగా పొడుం పీలుస్తున్న ముక్కది.

అమలాపురం కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్న పాత శిష్యురాలు విజయదుర్గకు ఉత్తరం వెళ్లింది. ఆమె కోనసీమ మొక్కల మీద పుస్తకం రాస్తోంది. కార్తీకంలో వచ్చి చూసి, మాస్టారి పేరు అందులో వేస్తానని కార్డు రాసింది. ఆ కార్డు వీధంతా తిరిగింది. ఇక మొక్క పోతే పరువు పోయినట్టే. అంతలో ఎవరిదో మేక వచ్చి రెండు చిగుళ్లు కొరికింది.

"కాలవగట్టున ముళ్లపొదుంది కదా. మొదలంటా నరికి తెచ్చి కంచె కట్టు," అన్నారు మాస్టారు.

"పూలు పూసే మొక్కండీ అది, పాపం."

"పిచ్చిమొక్కయ్యా! నరికెయ్."

"ఆయ్," అన్నాడు యాకోబు.

మాస్టారు రోజూ రెండు బిందెల నీళ్లు మోసి పోశారు. మొక్క ఏపుగా పెరిగింది. కార్తీకంలో విజయదుర్గ వచ్చేసరికి పెరడంతా జనమే. ఆమె ఆకు తుంచి వాసన చూసింది.

"మాస్టారూ... ఇది నిమ్మండీ."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారికి నూతిలో దూకుదామన్నంత సిగ్గేసింది. విజయదుర్గ మాత్రం నవ్వలేదు. కంచె దగ్గర చతికిలబడి, వేరుపట్టి చిగిర్చిన ఒక పుల్లకేసి చూస్తోంది. దానికి తెల్లటి పువ్వు పూసింది.

"తెల్ల ములుగోరింట! పదేళ్లుగా వెతుకుతున్నానండీ. ఇదెక్కడిది మాస్టారూ?"

"కాలవగట్టుదమ్మా."

"అక్కడింకా ఉందాండీ?"

మాస్టారు యాకోబు వైపు చూశారు. యాకోబు చేతిలో కత్తి వెనక్కి దాచుకున్నాడు.

"లేదమ్మా. మొదలంటా నేనే నరికించేను."

పుస్తకంలో మాస్టారి పేరు పడింది, ఆ ములుగోరింటను కాపాడి పెంచుతున్నవారిగా. దానికి మేకల భయం లేకుండా నాగమణి నిమ్మకొమ్మలు నరికించి చుట్టూ కంచె కట్టించింది.