మిల్లులో తిరిగిన భూమి

పెళ్లి వల్ల విశ్వేశ్వర్‌కు చివరికి మిగిలింది బావమరిది ఒక్కడే. భార్య పోయి ఏళ్లయింది. పోతూ పోతూ తమ్ముడి మాట కాదనొద్దని చెప్పి పోయింది. ఆ ఒక్క మాట చెప్పకపోయి ఉంటే ఆయన మిర్యాలగూడలో వడ్లు ఆడిస్తూ తన మానాన తాను బతికేవాడు.

ఆ బావమరిది బద్రీనాథ్ కోదాడలో సైన్సు సారు. సాగర్ కాలువకు నీళ్లొచ్చిన కొత్తలో, కోతల కాలంలో, ఒక ఆదివారం పొద్దున్నే మిల్లుకు వచ్చాడు. అద్దాలు అమర్చి, లేజరు అనే వెలుగును వాటి చుట్టూ రెండు వైపులా పరిగెత్తించి, అమెరికాలో భూమి తిరుగుడును కొలుస్తున్నారని పత్రికలో చదివాడట. కోదాడలో లేజరు దొరకదు. బరువు వేలాడదీద్దామంటే బడి కప్పు ఎత్తు చాలదు. మిల్లు కప్పు చాలుతుంది.

"పొడుగు తీగకు బరువు కట్టి ఊపితే చాలు బావా. అది ఊగే దారి మెల్లగా పక్కకు జరుగుద్ది. జరిగేది బరువు కాదు, కింద నేల."

"నేల జరిగితే నాకేం ఒరుగుతది?" అన్నాడు విశ్వేశ్వర్. అయినా కాదనలేదు. కిలోలు వచ్చాక మూలన పడ్డ పాత మణుగు గుండు తీసిచ్చాడు.

బద్రీనాథ్ గుండును దూలానికి వేలాడదీసి, నేల మీద సుద్దగీత గీసి, ఆ గీత వెంట ఊపి వదిలాడు. పక్కనే వడ్లు తూచే కాంటా ఉంది. తమ వంతు కోసం కూర్చున్న రైతులకు వేరే పని లేక గుండునే చూస్తున్నారు. ఎండ ముదిరేసరికి అది గీత వదిలి బెత్తెడు అవతల ఊగుతోంది. ఎవరూ తాకలేదు. బద్రీనాథ్ సంతోషం పట్టలేక భూమి ఎలా తిరుగుతోందో అందరికీ వివరించాడు. వివరించకపోతే సరిపోయేది.

హాలియా నుంచి వడ్లు తెచ్చిన ఉప్పలయ్య లేచి కాంటా చుట్టూ ఒకసారి నడిచాడు.

"సావుకారీ, గుండు కింద నేల జరిగితే కాంటా కింద జరగదా? అది మీ దిక్కు ఒరిగినప్పుడు తూస్తే మా వడ్లు ఏం గావాలె?"

విశ్వేశ్వర్ బావమరిది వైపు చూశాడు. బద్రీనాథ్ సుద్దముక్క తీసి లెక్క మొదలుపెట్టాడు. లెక్క సగంలో ఉండగానే బండ్లు కదిలాయి. మిల్లులో నేల తిరుగుతోందన్న కబురు వాటి కంటే ముందే బజారు దాటింది. నేల కింద సావుకారు చక్రం పెట్టించాడని కూడా అనుకున్నారు. నడిగూడెం బండ్లు వాకిలి దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, ఎదురుగా ఉన్న కిషన్ మిల్లుకు మళ్లాయి. తండ్రి నాటి నుంచి ఆ కాంటాను వేలెత్తి చూపినవాడు లేడు. ఆ పేరు మీదే మిల్లు నడుస్తోంది.

జరిగింది చక్కదిద్దాలని బద్రీనాథ్‌కు అనిపించింది. అతనితో వచ్చిన చిక్కే అది. రోడ్డు దాటి వెళ్లి, భూమి అన్ని మిల్లుల్లోనూ ఒకేలా తిరుగుతుందని రైతులకు చెప్పాడు. కిషన్ పరుగున వచ్చాడు. కాంటా మీద చెయ్యి వేసి, తన మిల్లులో భూమి తిరగదని ఒట్టు వేశాడు.

"అయితే గా గుండు గీడ కట్టి సూపియ్," అన్నాడు ఉప్పలయ్య.

కట్టక తప్పలేదు. రైతులు సద్దిమూటలు కూడా విప్పకుండా చూస్తూ కూర్చున్నారు. గుండు గీత దాటడం మొదలుపెట్టగానే కిషన్ గాలి అన్నాడు, కిటికీలు మూయించాడు. గుండు వినలేదు.

పొద్దు గూకేలోపు బండ్లన్నీ విశ్వేశ్వర్ వాకిట్లోకి తిరిగొచ్చాయి.

"తిరుగుతదని మీరు నలుగురిల చెప్పిన్రు. ఆయన దాసిండు. నీ కాంటానే నయం," అన్నాడు ఉప్పలయ్య. విశ్వేశ్వర్ ఊపిరి పీల్చుకునేలోపే మిగతాది కూడా చెప్పాడు. "దుమ్ము కింద బస్తాకు దోసెడు తీస్తవు గదా. ఇగ తియ్యకు. భూమి తిరుగుడు కింద గది మాకు చెల్లు."

తాతల నాటి దోసెడు ఆ సాయంత్రంతో పోయింది. కొద్ది రోజుల్లోనే ఊళ్లోని మిల్లులన్నిట్లోనూ పోయింది. తోటి సావుకార్లు విశ్వేశ్వర్‌ను పలకరించడం మానేశారు.

వేసవి సెలవులకు బద్రీనాథ్ మళ్లీ వచ్చాడు. ప్రయోగం బ్రహ్మాండంగా కుదిరిందని, ఈసారి ఇంకా పొడుగు తీగ తెచ్చానని చెప్పాడు.

"అన్నం తిను బద్రీ. ఆ ముచ్చట నా ముంగట మళ్ల తియ్యకు. నేను గూడ తియ్య."

తియ్యలేదు. భూమి తిరుగుతోందా అని ఎవరైనా అడిగితే, ఆ రోజు వడ్ల ధర చెప్పి పంపించేవాడు.