అవార్డు రాకుండా ఉండే అర్హత

"ఈ ఏడాది సినిమా అవార్డుల్లో ఎవరికీ అన్యాయం జరగదు!" అని సినిమాల మంత్రిగారు విలేఖరుల ముందు బల్ల గుద్ది మరీ చెప్పారు. ఆ దెబ్బకి మైకు కింద పడింది. మైకుకి కూడా అన్యాయం జరగలేదనీ, దాని స్టాండే వంకరనీ ఆయన అప్పటికప్పుడు వివరణ ఇచ్చారు.

పోటీకి నలభై ఒక్క సినిమాలు వచ్చాయి. కిందటేడు అవార్డు రానివాళ్లందరూ ఆఫీసు గేటుకి అడ్డంగా పడుకోవడంతో, ఈసారి ప్రభుత్వం పెద్ద మనసు చేసుకుని అవార్డులు నలభైకి పెంచింది. ఉత్తమ వర్షం, ఉత్తమ తలుపు తట్టుట, విశ్రాంతికి ముందు ఉత్తమ నిట్టూర్పు లాంటి విభాగాలు కొత్తగా చేరాయి. ఆ ఒక్కటీ ఎందుకు వదిలేశారని ఓ విలేఖరి అడిగితే మంత్రిగారు చిన్నబుచ్చుకున్నారు.

"అందరికీ ఇచ్చేస్తే దాన్ని పోటీ అంటారటయ్యా?"

ఇది టీవీలో చూసి అందరికంటే ఎక్కువ మురిసిపోయింది అవార్డుల విభాగం సూపరింటెండెంటు గారి భార్య. ఆ నలభై ఒక్కటిలో ఒకటి ఆమె తమ్ముడు తీసిందే. ఏడేళ్లు కిందామీదా పడి తీశాడు పాపం. నాలుగో రోజుకే హాల్లో ప్రేక్షకుల కంటే కుర్చీలు బాగుచేసేవాళ్లు ఎక్కువయ్యారు.

"నలభై ఒక్కమందిలో నలభైమందికి వస్తుందిట. ఇంకా మావాడికి రాలేదంటే మీ చేతకానితనం కాక మరేమిటండీ?" అందామె.

"నేను జ్యూరీలో లేనే! వాళ్లు అనుకున్నది రాసిపెట్టేవాణ్ణి."

"రాసేది మీరేగా? రాసేయండి. వాడికి రాలేదో, ఆ రోజునుంచీ మీ వంట మీరే."

సూపరింటెండెంటు గారికి పాతికేళ్ల సర్వీసులో ఫైళ్లంటే భయం లేదు గానీ పొయ్యి అంటే మహా భయం.

జ్యూరీ చైర్మన్ మంత్రిగారి పళ్ల డాక్టరు. ఉన్న ఒక్క సభ్యుడు, మంత్రిగారి పుట్టినరోజుకి ఏటా ఒక పద్యం రాసే కవిగారు. నలభై ఒక్క సినిమాలూ చూడాలంటే నెల పడుతుంది కనుక, పోస్టర్లు తెప్పించి కాన్ఫరెన్సు హాలు గోడలకి అంటించారు.

"పోస్టరులో లేనిది సినిమాలో మాత్రం ఏముంటుంది లెండి," అన్నారు డాక్టరు గారు. నోరు తెరవగానే లోపలి సంగతంతా పట్టేసే వృత్తి ఆయనది.

అవార్డులు ఎవరెవరికన్న గొడవే రాలేదు. నలభై ఇవ్వాలి, ఇచ్చేస్తారు. అసలు చర్చల్లా ఒక్కదాని మీదే జరిగింది: అవార్డు రాకుండా ఉండే అర్హత ఏ సినిమాకుంది? దాని మీద రెండు రోజులు హోరాహోరీగా వాదించుకున్నారు.

"ఈ మొదటిది?" అన్నారు డాక్టరు గారు.

"హీరో అభిమానులు అద్దాలు పగలగొడతారండీ," అన్నారు సూపరింటెండెంటు గారు.

"దాని పక్కది?"

"డైరెక్టరు లాయరండీ. కోర్టుకెక్కుతాడు."

"పోనీ, ఆ మూలది?"

"నిర్మాత మంత్రిగారి వియ్యంకుడండీ."

ముగ్గురూ ఆ పోస్టరుకి క్షమాపణ చెప్పినట్టే తలలు వంచారు. చివరికి కవిగారి వేలు తలుపు వెనక ఉన్న పోస్టరు మీద ఆగింది. "ఇదెవరిది?"

బంధుత్వం చెబితే మొహమాటపడి వదిలేస్తారని సూపరింటెండెంటు గారికి ఆశ కలిగింది. "మా బావమరిదిదండీ."

డాక్టరు గారు దిగ్గున లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. "శభాష్! మీ బావమరిదికే ఇవ్వలేదంటే, మన నిష్పక్షపాతాన్ని వేలెత్తి చూపించేవాడెవడు?"

"అయ్యా, ఒక్కసారి ఆ సినిమా చూస్తే..."

"చూస్తే నచ్చొచ్చు. ఆ రిస్కు మనకెందుకు?" అన్నారు కవిగారు.

తీర్మానం సూపరింటెండెంటు గారే స్వహస్తాలతో రాశారు. ఆ రోజునుంచీ అన్నం కూడా స్వహస్తాలతోనే వండుకున్నారు. పైన బిరుసుగా, అడుగున మాడి ఉండే ఆ అన్నాన్ని తినే కష్టం కూడా ఆయనదే అయింది.

బావమరిది మాత్రం ఊరుకోలేదు. "నలభై ఒక్క సినిమాల్లో అవార్డు రాని ఒకే ఒక్క సినిమా!" అని కొత్త పోస్టర్లు వేయించాడు. ప్రభుత్వానికి నచ్చనిది ఇందులో ఏముందా అని జనం ఎగబడ్డారు. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. డాక్టరు గారు కూడా చూసి, తిన్నగా ఆఫీసుకొచ్చారు.

"ఏడ్చేశానయ్యా! ఇంత మంచి సినిమా తీస్తే మాకు ముందే ఎందుకు చూపించలేదు?" అని సూపరింటెండెంటు గారిని చెడామడా తిట్టారు.

అవార్డులొచ్చిన నలభై సినిమాల హాళ్లలో ఈగలు తోలుకుంటున్నారు. ఆ నలభైమందీ షీల్డులు తలకింద పెట్టుకుని మళ్లీ గేటుకి అడ్డంగా పడుకున్నారు. తమకీ అవార్డు రాకుండా చూడాలన్నది వాళ్ల డిమాండు.

మంత్రిగారు మళ్లీ విలేఖరుల్ని పిలిచారు. "ఒక్కడికే అవార్డు ఎగ్గొట్టడం పక్షపాతం. నేను సహించను," అని, నలభై ఒకటో అవార్డు ప్రకటించారు. విభాగం: ఉత్తమ అవార్డు రాని చిత్రం.

సూపరింటెండెంటు గారింట్లో మళ్లీ ఆవిడ చేతి వంట మొదలైంది. అవార్డొచ్చిందనగానే జనం రావడం మానేశారు; వారం తిరక్కుండానే హాలువాళ్లు ఆ సినిమా ఎత్తేశారు. మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చునేసరికి బావమరిది షీల్డు సంచీలో పెట్టుకుని ఊడిపడ్డాడు.

"బావా, దీన్ని వాపసు ఇచ్చేయడానికి ఫారం ఏదైనా ఉందా?"

"ఉందిరా. నీకంటే ముందు నలభైమంది పెట్టేశారు. కానీ ఒక్కరిదే వాపసు తీసుకుంటారట."

"ఎవరిది?"

"ఎల్లుండి జ్యూరీ కూర్చుంటోంది. పోస్టర్లు తెప్పించారు."

అన్నం వడ్డించబోతున్న గరిటె గాల్లోనే ఆగింది.

"వాడిదే తీసుకోవాలి. తీసుకోలేదో..." అని భార్య గరిటెను మళ్లీ గిన్నెలో పెట్టేసింది.

సూపరింటెండెంటు గారు లేచి, వంటింట్లోకి వెళ్లి బియ్యం కడుక్కోవడం మొదలుపెట్టారు.