మూడో అంతస్తు చిన్నాన్న

ఆ ఇంట్లో భోజనాల హాలు కర్టెనుకి రంగు కుదరడానికి మూడు వారాలు పట్టిందంటే దానికి కారణం ఒక్క మనిషి. ఎనిమిది కుటుంబాలు కలిసి కట్టుకున్న ఇల్లది. ఎవరి రెండు గదులు వారివి. వంటిల్లు, భోజనాల హాలు, మూడో అంతస్తులో చుట్టాల గది మాత్రం అందరివీ. ఏ తీర్మానమైనా ఆదివారం సమావేశంలో అందరూ చేతులెత్తితేనే చెల్లుతుంది. ఒక్క చెయ్యి లేవకపోయినా మళ్ళీ మొదటికే. ఆ లేవని చెయ్యి ఎప్పుడూ దిద్దుబాటుగారిదే.

పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాడు కాబట్టి ఆయనకా పేరు. అందరికీ కోపం వస్తుంది, పోతుంది. ఆయనకి వచ్చిన కోపం సామాను దింపుకుని కాపురం పెట్టేసింది. తలుపు వేశాడంటే ఎనిమిది కుటుంబాలూ ఉలిక్కిపడతాయి.

ఈమధ్య కోపానికి గట్టి కారణమే దొరికింది. చేతిలో ఎనిమిది వందల పేజీల వైద్య పుస్తకం, పది రోజుల గడువు. పోయినసారి రెండు చుక్కల మందు ఇరవై చుక్కలుగా అచ్చు కాబోయి ఆఖరి నిమిషంలో ఆగింది. ఇంకొక్క తప్పు దొర్లితే ఇక పని ఇవ్వనని ప్రచురణకర్త మెత్తగానే చెప్పాడు. ఇక్కడేమో గోడకవతల కుట్టుమిషను పిన్ని టకటకలు, నెత్తిమీద డ్రిల్లు మాస్టారి గంతులు.

“నన్నీ సంతలోకి లాక్కొచ్చింది నువ్వే,” అని భార్యమీద విరుచుకుపడ్డాడు.

“సంత సాయంత్రానికి సర్దుకుంటుందండీ. మీరు సర్దుకోరు,” అంది ఆవిడ చెప్పులు వేసుకుంటూ. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తడం ఆవిడ ఉద్యోగం.

ఆవిడ వెళ్ళగానే దిద్దుబాటుగారు చుట్టాల పుస్తకం తెరిచి రాశాడు: ‘చిన్నాన్న. పది రోజులు. నలతగా ఉన్నారు. ఎవరూ పలకరించరాదు.’ రాసిన వాక్యాన్ని రెండుసార్లు దిద్దుకుని, కాగితాల కట్ట చంకలో పెట్టుకుని మూడో అంతస్తు ఎక్కి గడియ పెట్టుకున్నాడు. కిందివాళ్ళకి మాత్రం చిన్నాన్నకి సేవ చేస్తున్నానని చెప్పాడు.

“మా మామగారు ఒక్కగానొక్క కొడుకు కదా, ఈ చిన్నాన్న ఎక్కడివారు?” అని సాయంత్రం భార్య అడిగింది.

“దూరపు చిన్నాన్న,” అన్నాడాయన.

“ఓహో,” అని ఊరుకుంది. ఆవిడ అంత తేలిగ్గా ఊరుకున్నప్పుడే ఆయనకి అనుమానం రావలసింది.

రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడోనాటికి ఇంటిల్లిపాదికీ చిన్నాన్నమీద జాలి పుట్టుకొచ్చింది. కుట్టుమిషను పిన్ని పూటకో గిన్నెడు సూపు పంపించింది. అది పారబోయడానికి చోటు లేక ఆయనే తాగాడు. పెద్దాయన పళ్ళు లేక ఏమీ తినలేడని చెబితే సూపులు ఆగకపోగా, పళ్ళ డాక్టరమ్మ కట్టుడు పళ్ళకి కొలతలు తీస్తానని పెట్టెతో సహా వచ్చి తలుపు తట్టింది. గొంతు బొంగురు చేసి, “వద్దు తల్లీ, ఇంకెన్నాళ్ళులే,” అన్నాడు. ఆ మాటకి ఆవిడ కళ్ళు తుడుచుకుని డ్రిల్లు మాస్టారిని పంపింది. మాస్టారు గుమ్మంలో నిలబడి, నలతకి ఊపిరి కసరత్తే మందన్నారు. తలుపు వెనక దిద్దుబాటుగారు ఇరవై నిమిషాలు బయటికి వినపడేలా ఊపిరి పీల్చి వదిలాడు. వదిలిన ప్రతి ఊపిరిలోనూ ఆయన్ని తిట్టుకున్నాడు.

ఆరో రోజు గుమ్మం ముందు కుర్చీ లాగిన చప్పుడైంది.

“చిన్న మావయ్యగారూ, మీ కోడల్నండీ,” అంది భార్య గొంతు. “లోపలికి రానులెండి. ఓ మాట చెప్పుకుని పోతాను.”

ఆయన దగ్గాడు.

“మీ అబ్బాయి చెడ్డవాడు కాదు. కానీ నోరు మూయడు. టీ వేడెక్కువైందని పొద్దున, చల్లారిందని సాయంత్రం. పిన్ని మిషను చప్పుడంటాడు గానీ, ఆ చప్పుడు నేనింతవరకూ వినలేదు. ఈయన అరుపుల్లో వినపడితే కదా. ఆఫీసులో ఎనిమిది గంటలు ఊరందరి ఫిర్యాదులూ వింటాను. దానికి జీతమిస్తారు. ఇంటికొచ్చి మళ్ళీ ఊరికే వినాలి. నాకూ కోపం వస్తుందండీ. పెట్టుకోవడానికి చోటేదీ? ఇల్లంతా ఆయన కోపమే నిండిపోయింది.”

దిద్దుబాటుగారి ఒళ్ళు మండిపోయింది. తలుపు తీసి, నేనెప్పుడు అరిచానని అరవబోయాడు. కాని గడియమీద చెయ్యి వేసేసరికి ఆవిడ వెనక పిన్ని ముక్కు చీదడం, మాస్టారు పిన్నిని ఓదార్చడం వినిపించాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“వాడికి... చెప్తానమ్మా,” అన్నాడు బొంగురుగా.

“ఏమని చెప్తారు?”

“ఇంట్లో అరవొద్దని.”

“పెద్దవారు, మాటిచ్చినట్టేనా?”

“ఇచ్చినట్టే,” అన్నాడు. మరో దారి లేదు.

మర్నాడు ఆదివారం సమావేశంలో డ్రిల్లు మాస్టారు లేచి, చిన్నాన్నగారిని ఇంకో నెల ఉంచేసుకుందామన్నారు. ఆ మహానుభావుడు వచ్చాక కింద అంతస్తు ఇంత ప్రశాంతంగా ఎందుకుందో తనకి తెలియదన్నారు. అందరూ నవ్వాపుకుంటూ చేతులెత్తారు. దిద్దుబాటుగారికి ఆ నవ్వు చూసి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నూటయాభై పేజీలు మిగిలి ఉన్నాయి కాబట్టి చెయ్యి ఎత్తాడు. ఒక్క చెయ్యి మాత్రం లేవలేదు. అది ఆయన భార్యది.

చిన్న మావయ్యగారికి నలత తగ్గిపోయిందనీ, ఈ పూటే బయల్దేరతానని తనతో అన్నారనీ ఆవిడ నెమ్మదిగా చెప్పింది.

“నాతో అనలేదే,” అన్నాడాయన.

“మీరు అరుస్తారని భయపడి ఉంటారు. గది రేపటినుంచి నాక్కావాలి. మా మేనత్త వస్తోంది. ఆవిడకీ నలతే. ఎవరూ పలకరించకూడదు.”

“నీకు మేనత్త ఎక్కడిదే?” అన్నాడు పళ్ళ సందునుంచి.

“దూరపు మేనత్త.”

ఆవిడ మేనత్తని లేదనిపించాలంటే ముందు తన చిన్నాన్నని చంపుకోవాలి. హాలులో చేతులన్నీ లేచి ఆయన చేతికోసం చూస్తున్నాయి. ఆయన ఎత్తాడు.

సోమవారం పొద్దున మేనత్తగారికి టీ పట్టుకుని మూడంతస్తులూ ఎక్కాడు. ఆఫీసుకి సెలవు పెట్టి, మంచంమీద కాళ్ళు చాపుకుని, కిటికీలోంచి ఊరికే బయటికి చూస్తోంది భార్య. అలా ఏమీ వినకుండా కూర్చున్న మనిషిని ఆయన పెళ్ళయ్యాక చూడలేదు.

“నూటయాభై పేజీలున్నాయి. గడువు ఎల్లుండే. కింద ఆ దిక్కుమాలిన మిషను...” గొంతు పైకి లేస్తోంది.

ఆవిడ తల తిప్పకుండానే వేలెత్తింది. “మీ చిన్నాన్నగారు నాకు మాటిచ్చారు.”

ఆయన పళ్ళెంలోంచి టీ కప్పు తీసి ఆవిడకందించాడు. “ఎన్నాళ్ళుంటుంది మీ మేనత్త?” అన్నాడు మెల్లగా.

“ఆయన మాట ఎన్నాళ్ళు నిలబడుతుందో పైనుంచి విని, అప్పుడు చెప్తుందట.”

కిందినుంచి టకటక మొదలైంది. దిద్దుబాటుగారు పళ్ళెం గుమ్మం పక్కన పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి మెట్లు దిగాడు.